బుజ్జి పన్నుకి ఎన్ని ఏప్రన్లు

ఆ ఉదయం పెద్దల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నానికల్లా క్లినిక్ మూసేసి, భార్యతో వెళ్ళి కొత్త పరుపు కొనుక్కోవాలి. ఆయన పళ్ళ డాక్టరు. భార్య ముందు గదిలో బల్ల దగ్గర కూర్చుని పేషెంట్లను లోపలికి పంపిస్తుంది. ఆయన ఖర్మకొద్దీ తోడల్లుడు కూడా పళ్ళ డాక్టరే.

అంతలో మామగారు ఫోన్ చేశాడు. కొడుకు కూతురు బుజ్జికి కింది పన్ను నొప్పట. చిన్నల్లుడి దగ్గరికే తీసుకెళ్దామనుకున్నాడట గానీ, ఆయన పిల్లల పళ్ళ ఎక్స్‌రేల్లో రేడియేషన్ ఎలా తగ్గించాలో ఎక్కడో ఉపన్యాసం ఇస్తున్నాడట. అందుకని పిల్లని ఇక్కడికే తీసుకొస్తున్నాడట. "మీ దగ్గర ఆ కిరణాలు కాస్త ఎక్కువేమోనని మీ అత్తగారి భయం, అల్లుడుగారూ," అని ముక్తాయించాడు కూడా.

పెద్దల్లుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. మామగారికి కట్టుడుపళ్ళు అమర్చింది ఎవరు? అత్తగారి పిప్పిపన్ను పీకింది ఎవరు? నిన్నగాక మొన్న వచ్చిన చిన్నల్లుడు ఎక్స్‌రే తీసేటప్పుడు పిల్లలకి కప్పే కుందేలు బొమ్మల ఏప్రన్ ఒకటి కొని పెట్టగానే ఇంటిల్లిపాది నోళ్ళూ అటు తిరిగాయి. బుజ్జి నోరు కూడా చేజారితే ఇక తను పేరుకే పెద్దల్లుడు. కుళ్ళుకుంటున్నానని ఆయనకు తెలుసు. ఆపుకోలేకపోయాడు, అంతే.

"ఇవాళ చూడు, కిరణమన్నది ఆ పిల్ల పన్ను దాటి వెంట్రుకవాసి పక్కకి పోదు," అన్నాడు భార్యతో.

"ముందు పిల్లని రానివ్వండి," అంది ఆవిడ.

పిల్ల వచ్చింది. రాగానే కుర్చీలో కూర్చోబెట్టి, కిరణాలు ఒంటికి సోకకుండా కప్పే సీసపు ఏప్రన్ వేశాడు. అది పెద్దవాళ్ళది కావడంతో బుజ్జి మెడ దాకా మునిగిపోయింది. గొంతు చుట్టూ సీసపు కాలరు కట్టాడు. మిషన్ని పిల్లల మోతాదుకి తిప్పాడు. అక్కడితో ఆగితే ఏ గొడవా ఉండేది కాదు. కానీ మామగారు ఊరుకోకుండా, చిన్నల్లుడైతే పిల్లని పట్టుకున్నవాళ్ళకి కూడా ఏప్రన్ ఇస్తాడన్నాడు.

"ఇస్తాడా? ఒకటేనా?" అని పెద్దల్లుడు భార్యని ఎదురుగా ఉన్న స్కాన్ సెంటర్‌కి పరిగెత్తించి, వాళ్ళ దగ్గరున్న ఏప్రన్లన్నీ మోయించి తెప్పించాడు. మామగారికి ముందొకటి, వెనకొకటి తొడిగాడు. భార్యకొకటి, తనకొకటి. మిగిలినవి బుజ్జి మీద దుప్పట్లలా కప్పాడు.

ఆ బరువుకి బుజ్జి కుర్చీలోంచి మెల్లగా కిందికి దిగిపోసాగింది. "తాతయ్యా, జారిపోతున్నా," అంది ఏప్రన్ల లోపల్నుంచి. మామగారు పట్టుకోబోయి వంగాడు. వంగడమైతే వంగాడు గానీ, రెండు ఏప్రన్లతో మళ్ళీ లేవలేకపోయాడు. నడుం పట్టేసింది. బుజ్జి నేల మీద కూర్చుని పకపకా నవ్వింది.

గాలాడే చోట పడుకోబెడదామని భార్యాభర్తలిద్దరూ ఏప్రన్లు విప్పకుండానే ఆయన్ని చెరో రెక్కా పట్టుకుని ముందు గదిలోకి ఈడ్చుకొచ్చారు. అక్కడ కూర్చున్న పేషెంట్లు ఆ వేషాలు చూసి, ఆ మూలుగులు విని, లోపల మిషన్ పేలి కిరణాలు బయటికొచ్చేశాయనుకున్నారు. పంటినొప్పితో మాట పెగలనివాళ్ళు కూడా అరుచుకుంటూ మెట్లు దిగారు. గది ఖాళీ.

భార్య గాభరాపడి చెల్లెలికి ఫోన్ చేసింది. చెల్లెలు మొగుడికి చేసింది. చిన్నల్లుడు ఉపన్యాసం మధ్యలో వదిలేసి వచ్చి, మెట్ల కింద గుమిగూడిన జనానికి నచ్చజెప్పి, మామగారి ఏప్రన్లు విప్పించి, బుజ్జిని లోపల్నుంచి ఎత్తుకొచ్చి నోరు తెరవమన్నాడు. చిన్న అద్దం పెట్టి చూశాడు.

"అన్నయ్యా, పాలపన్ను ఊగుతోంది. వెనక కొత్తపన్ను కంటికే కనబడుతోంది. దీనికి ఎక్స్‌రే దేనికి? ఇంతకీ మీరు నోట్లోకి చూశారా?"

పెద్దల్లుడు చూడలేదు. పొద్దుటినుంచీ ఏప్రన్లే చూసుకుంటున్నాడు. నేను మాత్రం మీట నొక్కానా, నా దగ్గరా ఒక్క కిరణం పడలేదుగా అని గొణిగాడు. ఎవరూ వినిపించుకోలేదు. మామగారు బల్ల మీద బోర్లా పడుకునే తల ఎత్తి, "అందరూ కిరణాలు తగ్గిస్తారు. మా చిన్నల్లుడు అసలు లేకుండానే చేసేశాడు," అన్నాడు.

ఆ రోజు ఆ కుటుంబంలో ఎక్స్‌రే తీయాల్సి వచ్చింది ఒక్క మామగారి నడుముకే. అక్కడికి తోడు రమ్మన్నది కూడా ఆయన చిన్నల్లుణ్ణే.