హాస్కెట్ కౌంటీలో నేరాల కరువు

కమ్యూనిటీ కాలేజీ మెట్ల మీద నిలబడి, మనిషంత పొడుగు కత్తెరతో రిబ్బను కత్తిరించి, ఇకమీదట ఈ అపలాచియన్ కొండల్లో నిరుద్యోగం అనే మాటే వినపడదని హాస్కెట్ కౌంటీ కమిషనర్ వెర్లిన్ స్టాంపర్ గారు ప్రకటించారు. రిబ్బను మొదటి దెబ్బకి తెగలేదు. రెండో దెబ్బకీ తెగలేదు. చివరికి ఆయన చేత్తో లాగి తెంపారు. పట్టుదలంటే అదీ అని జనం చెప్పుకున్నారు.

"బొగ్గు గనులు మూతపడ్డాయి. గ్లవ్స్ ఫ్యాక్టరీ దేశం దాటిపోయింది. కానీ న్యాయం ఎక్కడికీ పోదు!" అన్నారాయన. "మనవాళ్లు ఇక్కడే క్రిమినల్ జస్టిస్ చదువుతారు. పోలీసులవుతారు, జైలు అధికారులవుతారు. రాష్ట్రం గ్రాంటిచ్చింది. తెచ్చింది నేను."

చప్పట్లు కొట్టినవాళ్లలో చార్లీన్ టాకెట్ ఒకతె. నలభైకి దగ్గరపడిన మనిషి, స్కూలు బస్సు నడుపుతుంది. ఆమెకి తుపాకి మీద మోజు లేదు, ప్రొబేషన్ ఆఫీసరు కావాలని ఉంది. తప్పు చేసినవాళ్లని జైల్లో తొయ్యకుండా, వారం వారం పిలిచి, మాట్లాడి, దారిలో పెట్టే ఉద్యోగమది. ఆమె తమ్ముడు డారెల్ కుర్రతనంలో ఎవరిదో ట్రక్కు ఎత్తుకెళ్లి వాగులో దింపితే, అలాంటి ఆఫీసరొకాయన వాణ్ణి ఏడాదిపాటు వదలకుండా పట్టుకుని మనిషిని చేశాడు. మొదటిరోజు ఆయన అడిగిన మొదటి మాట, "తిన్నావా?" అని. ఇప్పుడు డారెల్ ఆ ట్రక్కు ఓనరు దగ్గరే మెకానిక్కు.

కాలేజీ సలహాదారు ఫెన్ గారు ఆమెకి దారి గీసి చూపించారు.

"రెండేళ్లు ఇక్కడ. ఆ మీదట యూనివర్సిటీకి మారొచ్చు. మొదట ఇంగ్లీషు, ఆల్జీబ్రా, నేరశాస్త్రం."

"ఆల్జీబ్రా ఎందుకండీ? దొంగల్ని లెక్కపెట్టడానికా?"

"ఎందుకో నాకూ తెలీదమ్మా. నేను తప్పించుకోలేకపోయాను, మీరూ తప్పించుకోలేరు." ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. "చివర్లో నిజం కేసుల మీద ఫీల్డ్‌వర్కు ఉంటుంది. మీ మీద మాత్రం ఒక్క కేసు కూడా ఉండకూడదు. ఉంటే ఎవరూ ఉద్యోగమివ్వరు."

"నా మీద కేసేముంటుంది? ఇన్నేళ్లలో బస్సు హారను కూడా గట్టిగా కొట్టలేదు."

పిల్లల్ని దింపేశాక ఖాళీ బస్సులో కూర్చుని ఆమె ఆల్జీబ్రాతో కుస్తీ పట్టింది. ఒకసారి తప్పింది, రెండోసారి గట్టెక్కింది. మిగతావన్నీ మంచి మార్కులతో పాసై ఫీల్డ్‌వర్కు దాకా వచ్చింది.

అక్కడొచ్చింది చిక్కు. కౌంటీలో నేరాలు లేవు.

"కుర్రకారంతా పనుల కోసం ఊళ్లొదిలి పోయారు సార్," అని షెరీఫ్ కమిషనర్ గారికి విన్నవించుకున్నాడు. "మిగిలినవాళ్లకి దొంగతనం చేసే ఓపిక లేదు. పోయిన నెలంతటికీ ఒకటే కేసు, చర్చి వరండాలో మేక. ఓనరొచ్చి తోలుకుపోయాడు. పాస్టరు గారు క్షమించేశారు."

"క్షమించాడా? ఎవర్నడిగి? నేరాల్లేకపోతే గ్రాంటు వెనక్కి పోతుందయ్యా!"

"నన్నేం చెయ్యమంటారు సార్? దొంగతనానికి వెళ్లమంటారా?"

కమిషనర్ గారు ఆ సంగతి కాసేపు నిజంగానే ఆలోచించారు. తర్వాత అంతకంటే చట్టబద్ధమైన మార్గం కనిపెట్టారు. కుక్క మొరిగితే నేరం. పెరట్లో గడ్డి చీలమండ దాటితే నేరం. వరండాలో సోఫా ఉంటే నేరం. ఉత్త జరిమానాలు గ్రాంటు లెక్కలోకి రావు గనక, అన్నీ కోర్టుకెక్కే నేరాలే. కొన్నాళ్లకి ఆయన పత్రికలవాళ్లని పిలిచి, "పాత పాలకుల హయాంలో నేరాలు అడుగంటాయి. మేం ఎనిమిది రెట్లు పెంచాం," అని వినయంగా చెప్పుకున్నారు.

ఫీల్డ్‌వర్కు కింద చార్లీన్‌కి అప్పగించిన నేరస్థురాలు ఆమె పక్కింటి ముసలమ్మే. ఓపల్ ర్యాట్‌లిఫ్, గని కార్మికుడి భార్య, భర్త పోయి చాలాకాలమైంది.

"ఏమే చార్లీన్, కొత్త టోపీ? నీకు బాగా నప్పిందే."

"మిస్ ఓపల్, మీ సోఫా నేరం చేస్తోందండీ."

"మా ఆయన కూర్చున్న సోఫా తల్లీ ఇది. ఆయన్లాగే ఇదీ పుట్టి బుద్ధెరిగి ఇంట్లో ఒక్క పనీ చెయ్యలేదు. నేరం ఎప్పుడు నేర్చుకుంది?"

"వరండాలో ఉండకూడదట. నేను కేసు రాయాలి. రాయకపోతే పాసవ్వను."

ఓపల్ సోఫా చెయ్యి నిమిరింది. "అయితే రాసెయ్. నా మూలంగా నీ చదువు చెడకూడదు. బస్సులో కూర్చుని లెక్కలతో ఏడవడం చూశాను కదా."

చార్లీన్ పెన్ను తెరిచింది, మళ్లీ మూసింది. టోపీ తీసి మెట్టు మీద పెట్టింది.

"ఆ చివర పట్టుకుంటారా, మిస్ ఓపల్?"

సోఫా గుమ్మంలో ఇరుక్కుంది. తలుపు ఊడదీసి లోపలికి లాగారు. లాగి, దాని మీదే చతికిలబడి, చిక్కుడుగింజల పులుసులో మొక్కజొన్న రొట్టె ముంచుకు తిన్నారు. వరండా శుభ్రంగా ఉంది. నేరం లేదు.

సందు చివర నిలబడి అంతా చూసిన సహాధ్యాయి లోనీ సైజ్‌మోర్ రాసుకున్నాడు: సాక్ష్యం మాయం చేయడం.

"ఏమనుకోకు చార్లీన్," అన్నాడు వాడు నేల చూపులు చూస్తూ. "నాకింతవరకూ ఒక్క కేసూ దొరకలేదు."

జడ్జి ఆమెకి ఆరునెలల ప్రొబేషన్ వేశాడు. ఫెన్ గారు తాను గీసిన దారి వంక చాలాసేపు చూశారు.

"మీ కేసునే ఫీల్డ్‌వర్కుగా లెక్కేశారు, డిగ్రీ వస్తుందమ్మా. ఉద్యోగం రాదు."

"మిగతావాళ్లకి?"

"క్లాసులో అందరికీ ఏదో ఒకటి తగిలింది. నిన్న లోనీ కుక్క మొరిగిందట."

చార్లీన్ ఆ సాయంత్రం బస్సు షెడ్డులో పెట్టి చాలాసేపు దిగలేదు.

సోమవారం ప్రొబేషన్ ఆఫీసుకి వెళితే బల్ల ఉంది, వెనక ఆఫీసరు కుర్చీ ఉంది, కుర్చీలో మాత్రం ఎవరూ లేరు. "పాతాయన రిటైరయ్యాడు," అంది గుమాస్తా. "మీ బ్యాచ్‌లోంచే ఒకర్ని తీసుకుందామని పోస్టు ఆపారు. మీరు మాత్రం వచ్చి కూర్చుని వెళ్లాల్సిందే. కోర్టు ఉత్తర్వు."

క్లాసంతా ఆఫీసు వరండాలో వరసగా కూర్చుంది. గడ్డి కోయని నేరానికి ఓపల్ కూడా వచ్చింది. లోనీ ఉన్నట్టుండి మొహం చేతుల్లో పెట్టుకుని భోరుమన్నాడు. ఉద్యోగం వస్తుందని నమ్మి ఉన్న పని మానేశాడట, ఇంట్లో చంటిబిడ్డ ఉందట.

ఎవరో ఒకరు వినాలి కదా. చార్లీన్ లేచి, బల్ల చుట్టూ తిరిగి, అవతలి కుర్చీలో కూర్చుంది.

"ఇలా రా లోనీ. తిన్నావా?"

వారాలు గడిచాయి. లోనీకి డారెల్ పనిచేసే షెడ్డులోనే పని కుదిర్చింది. ఓపల్ పెరట్లో గడ్డి కొయ్యడానికి మనిషిని పెట్టింది. అక్కడికొచ్చినవాళ్లెవరూ రెండో నేరం చెయ్యలేదు. కమిషనర్ గారికి ఇది కొంత ఆందోళన కలిగించినా, కాలేజీలో డిగ్రీ పట్టాల పండగ దగ్గరపడటంతో ఫోటోగ్రాఫర్‌ని వెంటేసుకుని ఆఫీసుకి వచ్చారు.

"కుర్చీలో ఈవిడెవరు?"

"ప్రొబేషన్ ఆఫీసరు," అంది ఓపల్.

కమిషనర్ గారి మొహం వెలిగిపోయింది. చార్లీన్ నోరు తెరిచేలోపే ఆమె చెయ్యందుకుని కెమెరా వైపు తిరిగారు. పట్టాలిచ్చే సభలో ఆయన గొంతు గద్గదమైంది: "ఈ పథకంలో చేరిన ప్రతి ఒక్కరూ ఇవాళ క్రిమినల్ జస్టిస్ వ్యవస్థలోనే ఉన్నారు. ఒక్కరు కూడా బయట లేరు!" చప్పట్లు ఆగలేదు. మర్నాడు పత్రికలో ఫోటో పడింది.

ఆ మర్నాడు షెరీఫ్ టోపీ చేత్తో పట్టుకుని చార్లీన్ ఇంటికొచ్చాడు.

"ఆఫీసరు కాకుండా ఆఫీసరు కుర్చీలో కూర్చోవడం నేరమట చార్లీన్. ఫోటోయే సాక్ష్యం."

"ఫోటోలో నా చెయ్యి పట్టుకుని కమిషనర్ గారున్నారుగా?"

"ఆయన సాక్షి." షెరీఫ్ గొంతు సవరించుకున్నాడు. "తప్పొప్పుకుంటే ఇంకో ఆరునెలల ప్రొబేషన్‌తో సరిపెడతానన్నాడు జడ్జి."

"వెళ్లి ఎవరికి కనపడాలి?"

"ప్రొబేషన్ ఆఫీసరుకే."

అతను కదల్లేదు. టోపీ అంచు వేళ్లతో తిప్పుతూ నిలబడ్డాడు.

"సోమవారం నన్ను కాస్త ముందు పిలుస్తావా? నా మీదా ఒకటి రాశారు. గడ్డి."