బ్యాంకాక్ రుచి తెలిసిన మనిషి

ఆదివారం పొద్దున్న ఏడింటికి మాణిక్యమ్మ వంటింటి తలుపు వేసి, గొళ్ళెం పెట్టి, హాల్లోకి వచ్చి కూర్చుంది.

"ఇవాళ మధ్యాహ్నం పొయ్యి వెలిగించను. మన వీధి చివర థాయ్ హోటల్ పెట్టారుగా, అక్కడ తింటున్నాం," అంది.

పేపరు చదువుతున్న భర్త రామకోటేశ్వరరావు కాఫీ గుటక వెయ్యడం మరిచిపోయాడు.

ఆయనకు కంకిపాడులో పురుగుమందుల కొట్టుంది. ఆరేళ్ళ క్రితం ఒక కంపెనీ డీలర్లందరినీ బ్యాంకాక్ తీసుకెళ్ళింది. నాలుగు రోజులకే తిరిగొచ్చాడు గానీ, ఆ నాలుగు రోజుల ముచ్చట మాత్రం ఇప్పటికీ తెమల్లేదు. చేపల పులుసు పెడితే, "థాయ్ వాళ్ళ పులుసు ముందు ఇదెంతలే" అంటాడు. కోడికూర వండితే, "ఇందులో నిమ్మగడ్డి పడాలి మాణిక్యం, అప్పుడుంటుంది" అంటాడు. చుట్టాలందరూ లొట్టలేసే చెయ్యి మాణిక్యమ్మది. తన వంటను ఓడించిన ఆ రుచేమిటో ఒక్కసారి నోట్లో పెట్టుకుని చూడాలని ఆవిడ పంతం పట్టింది.

"గుణదలలో అసలు థాయ్ ఎక్కడ దొరుకుద్దే! అంతా డూప్లికేటు. బిర్యానీకి పోదాం పద."

"డూప్లికేటో కాదో చెప్పడానికి మీరున్నారుగా," అని ఆవిడ కట్టుకెళ్ళే చీర తీసి పెట్టడానికి లేచింది.

హోటలంటే ఆరు బల్లలు, గోడకో బుద్ధుడి బొమ్మ. దాన్ని నడిపేది పాల్, వినీల అనే మొగుడూ పెళ్ళాలు. దుబాయ్‌లో ఒక థాయ్ హోటల్లో పనిచేసి, వంట నేర్చుకుని వచ్చారు. ఆ మధ్యాహ్నం చర్చి నుంచి నేరుగా వచ్చి తలుపులు తెరిచి, ఒక మనిషి కోసం వీధిలోకి చూస్తున్నారు. హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీలో మిషన్లు బిగించడానికి పన్నెండుమంది థాయ్ ఇంజనీర్లు వచ్చారు. నెల రోజులపాటు వాళ్ళకు భోజనాలు ఎవరు పంపాలో తేల్చేది మేనేజరు లక్ష్మీకాంత్. "నేను బ్యాంకాక్‌లో తిన్నవాణ్ణి. తేడా వస్తే పట్టేస్తా," అని ఆయన ఫోన్లోనే బెదిరించాడు. ఈ పని దొరక్కపోతే పాల్ దంపతులు హోటలు మూసుకోవాల్సిందే.

సరిగ్గా అప్పుడు రామకోటేశ్వరరావు గడప దాటి, భార్య వినేటట్టు గట్టిగా, "ఏమయ్యా, నేను బ్యాంకాక్‌లో తిన్నవాణ్ణి. నా దగ్గర నాటకాలు కుదరవు," అన్నాడు.

పాల్‌కు చెమట పట్టింది. "మీ కోసమే చూస్తున్నాం సార్! రండి, అమ్మగారూ, మీరూ రండి," అంటూ ఫ్యాను కిందున్న బల్ల తుడిచాడు.

రామకోటేశ్వరరావు భార్య వైపు 'చూశావా' అన్నట్టు చూశాడు.

ముందుగా టామ్ యమ్ వచ్చింది. ఎర్రటి పులుసులో రొయ్యలు, పుట్టగొడుగులు, మధ్యలో నిమ్మగడ్డి కాడలు. ఆయన ఒక కాడ తీసి నోట్లో పెట్టుకుని పరపరా నమలడం మొదలెట్టాడు. అది వాసన కోసం వేసేదే తప్ప తినేది కాదు. పాల్ కంగారుగా వంటింట్లోకి పరిగెత్తాడు.

"కాడ నమిలేస్తున్నాడే!"

"ఊరుకోండి. తాజాదో కాదో చూస్తున్నారు. పెద్దవాళ్ళ పద్ధతి అంతే," అంది వినీల.

పచ్చి బొప్పాయి సలాడ్ తెచ్చేటప్పుడు పాల్ వినయంగా, "కారం అక్కడి లెక్కలోనే వెయ్యమంటారా సార్?" అని అడిగాడు.

"కృష్ణా జిల్లా వాడితో కారం సంగతా? వెయ్యవయ్యా!"

వేశాడు. రెండో ముద్దకి రామకోటేశ్వరరావు చెవులు ఎర్రబడ్డాయి. మూడో ముద్దకి కళ్ళ వెంట నీళ్ళు ధారకట్టాయి.

"బ్యాంకాక్ గుర్తొచ్చిందా సార్?" అన్నాడు పాల్ మురిసిపోతూ.

ఆయన నోరు తెరిచే స్థితిలో లేక తలూపాడు.

మాణిక్యమ్మ మాత్రం నిదానంగా, పట్టుదలగా తింటోంది. టామ్ యమ్ మొదటి గిన్నె ఖాళీ చేసి రెండోది అడిగింది. అది చూసి భర్తకు ఉక్రోషం వచ్చింది. ఊపిరి కూడదీసుకుని తీర్పు చెప్పాడు.

"పులుపు చాల్లేదు. నాలుగు నిమ్మకాయలు పిండి, గుప్పెడు పంచదార పొయ్యండి. అక్కడ అంతే."

వినీల పంచదార డబ్బా తీసుకుని గిన్నె మూత ఎత్తేసరికి వెనకాలే మాణిక్యమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఆగమ్మా. ఆయన చెప్పింది ఆయన గిన్నెలో వెయ్యి. అసలు గిన్నె జోలికి పోయావంటే నేనూరుకోను."

"సారు ఒప్పుకోకపోతే మా బతుకు పోతదండీ."

"ఆయన ఒప్పుకోకపోతే మీ బతుకెందుకు పోతుంది?" అని మాణిక్యమ్మ ఆశ్చర్యపోతుండగా, బయట కారు ఆగింది. బ్యాగుతో దిగినాయన, "లక్ష్మీకాంత్‌నండీ, ఫ్యాక్టరీ నుంచి," అన్నాడు.

పాల్ ఆయన్నీ, రామకోటేశ్వరరావునీ మార్చి మార్చి చూశాడు. "మరి తమరెవరండీ?"

"నేను... వీధి మొదట్లో ఇల్లండీ మాది," అన్నాడు రామకోటేశ్వరరావు.

"వీరూ బ్యాంకాక్‌లో తిన్నారంటే మీరే అనుకున్నాం సార్," అన్నాడు పాల్ లక్ష్మీకాంత్‌తో. లక్ష్మీకాంత్ గంభీరంగా కూర్చుని టామ్ యమ్ తెప్పించుకున్నాడు. ఒక చెంచా తాగి కళ్ళు మూసుకున్నాడు. మరో చెంచా తాగి పైకప్పు వైపు చూశాడు. వంటింటి గుమ్మంలో వినీల చేతులు జోడించి నిలబడింది. చివరికి ఆయన పక్క బల్ల వైపు వంగి, గుసగుసగా అడిగాడు.

"మీరు బ్యాంకాక్‌లో తిన్నారంట కదా. అక్కడా ఇలాగే ఉంటదాండీ?"

ఆరేళ్ళలో రామకోటేశ్వరరావుకు ఇంతకన్నా మంచి అవకాశం రాలేదు. కానీ గుమ్మంలో వినీల ముఖం కనబడుతోంది. పక్కన మాణిక్యమ్మ తనవైపే చూస్తోంది.

"నాకు తెలీదండీ," అన్నాడు నీరసంగా. "టూరు వాళ్ళు వంటవాణ్ణి వెంట తెచ్చారు. నాలుగు రోజులూ పెరుగన్నమే తిన్నాను."

లక్ష్మీకాంత్ గట్టిగా ఊపిరి వదిలాడు. "బతికించారు. మా టూరులోనూ అంతేనండీ. మరి ఇప్పుడెలా తేల్చడం?"

"ఆ థాయ్ వాళ్ళు ఎక్కడున్నారు?" అంది మాణిక్యమ్మ.

"బెంజి సర్కిల్ దగ్గర లాడ్జిలోనేనమ్మా."

"నోరున్న మనుషులేగా! క్యారేజీలో పోసి పంపి అడగండి."

డ్రైవరు క్యారేజీ పట్టుకుని వెళ్ళిన ముప్పావుగంటకు ఫోను మోగింది. క్యారేజీ ఖాళీ అయిందనీ, నలుగురు చెప్పులేసుకుని ఇక్కడికే బయల్దేరారనీ చెప్పాడు. వినీల ఏడుస్తూ మాణిక్యమ్మను వాటేసుకుంది. లక్ష్మీకాంత్ రేపటి నుంచే పంపమన్నాడు.

మాణిక్యమ్మ మూడో గిన్నె ముగించి, మూతి తుడుచుకుని, "బాగుంది. నా పులుసూ బాగుంటుంది," అని భర్తకు వినబడేలా అంది. ఆయన గ్లాసుడు నీళ్ళు గటగటా తాగేశాడు. నాలుక ఇంకా మండుతూనే ఉంది.

వినీలకు జాలేసి, తమ కోసం కలుపుకున్న పెరుగన్నం ఒక గిన్నెడు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

రామకోటేశ్వరరావు అచ్చం బ్యాంకాక్‌లో తిన్నంత తృప్తిగా తిన్నాడు.