గవరమ్మకు ఉచితంగా వచ్చిన కూలరు

ఒక పెద్ద అడవిలో, అంటే ఈ చివర పెట్టిన అర్జీ ఆ చివరికి చేరేలోగా పెట్టినవాడి మనవడు తాతయ్యేంత పెద్ద అడవిలో, గవరమ్మ అనే గేదె ఉండేది. ఆమెకు పాలు తాగే పెయ్యదూడ ఒకటి, సొంత బురదగుంట ఒకటి ఉండేవి. ఎండాకాలం వస్తే పొద్దున్నే గుంటలో దిగి, ముక్కూ కొమ్ములూ మాత్రం పైకి పెట్టుకుని కూర్చునేది. సాయంత్రం లేచి దూడకు కడుపునిండా పాలిచ్చేది. ఆమెకు ఎవరి మీదా ఏ ఫిర్యాదూ లేదు. అలాంటివాళ్లంటే ప్రభుత్వాలకు మహా చిరాకు.

ఆ ఏడు సర్పంచి ఏనుగు పెద్దిరాజు పట్నం వెళ్లి, ఓ హోటలు ముందు నిలబడి కూలరు గాలి తిన్నాడు. వచ్చీ రాగానే ‘ఇంటింటికీ చల్లగాలి’ అని పథకం ప్రకటించాడు. మొదటి కూలరు పంచాయతీ ఆఫీసులో తన కుర్చీ పక్కనే పెట్టించుకున్నాడు. మిగతా అడవిని పథకాల అధికారి నక్క చెంచల్రావుకూ, మెకానిక్కు కోతి కొండబాబుకూ అప్పగించాడు.

ఇద్దరూ వచ్చి గుంట గట్టున నిలబడ్డారు.

“గవరమ్మగారూ, మీకు కూలరు మంజూరైంది. పూర్తిగా ఉచితం,” అన్నాడు నక్క.

“నాకెందుకు బాబూ? గుంటలో హాయిగానే ఉందిగా.”

“జింకలు పెట్టించుకున్నాయి. కుందేళ్లు పెట్టించుకున్నాయి. రేపు మీ దూడ బడికెళ్తే, మీ ఇంట్లో ఏముందని అడగరూ? బురద ఉందని చెప్పుకుంటుందా పాపం?”

ఉచితం అన్నప్పుడే గవరమ్మ సగం మెత్తబడింది. దూడ పేరెత్తగానే మిగతా సగం కూడా మెత్తబడి, “సరే, రాసుకోండి,” అంది.

“పెట్టె ఉచితమే అక్కా,” అన్నాడు కోతి. “మోతకూలి మాత్రం చెట్టుకి అరశేరు పాలు.”

“చెట్టుకా?”

“మరి నేను చెట్టు మీంచి చెట్టు మీదకే కదా మోసుకు రావాలి! ఊరి పక్కనుండేవాళ్లకి మూడు చెట్లు. మీదసలే మారుమూల. నలభై రెండు చెట్లు.”

“ఇరవయ్యొక్క శేర్లా! ఒరే, నేను గేదెనా, పాల డెయిరీనా?”

“నిదానంగా ఇద్దువుగాని. ఇంకా విను. ఫ్యాను తిప్పడానికి లోపల ఉడత ఉంటుంది. దానికి రోజూ పావుశేరు. అది అలిసిపోతే మారు ఉడతకి ఇంకో పావుశేరు. గాలి నిలవాలంటే నాలుగు గోడలుండాలి, నీకు ఒక్కటీ లేదు. తడికలు నేనే కడతాను. వేరేవాళ్లకి ఇవ్వకు, మోసం చేస్తారు.”

గవరమ్మ అన్నిటికీ తలూపింది. అప్పుడు నక్క కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని, “చిన్న చిక్కుందండీ. ఏడో నిబంధన. చల్లబడే సదుపాయం ఇదివరకే ఉన్నవాళ్లు అనర్హులు. మీకు గుంట ఉంది,” అన్నాడు.

“ఉంటే?”

“పూడ్చెయ్యాలి. పూడ్చినట్టు ఫోటో జతపరచాలి.”

మనమైతే అక్కడికక్కడ తిట్టి పంపేవాళ్లం అనుకుంటాం. పంపం. అర్జీ సగం నింపినవాడు వెనక్కి తగ్గడం నేనింతవరకూ చూడలేదు. గవరమ్మ అడవిపందుల్ని పిలిపించింది. వాటి కూలి ఆరు శేర్లు. మధ్యాహ్నానికల్లా గుంట నేలమట్టమైంది. కాకి ఫోటో తీస్తుంటే గవరమ్మ నవ్వింది కూడా.

మూడో రోజు కూలరు దిగింది. ఉడత పరుగు మొదలెట్టింది. తడికల మధ్య కూర్చున్న గవరమ్మ మొహానికి గాలి కొట్టింది.

“ఒరే కొండబాబూ, ఇది వడగాడ్పురా!”

“నీళ్లు పోశావా అక్కా? రోజుకి ఎనిమిది బిందెలు పోస్తేనే చల్లగాలి.”

“నీళ్లెక్కడివిరా? గుంట పూడ్చెయ్యమంది మీరే కదా!”

“అది మట్టిపని. మాది మిషను పని. నాకేం సంబంధం?”

గేదెకు ఎండ తగిలితే పాలు నిలవవు. నాలుగో రోజుకు సగమయ్యాయి, ఎనిమిదో రోజుకు చుక్క లేదు. దూడ పొదుగు కుమ్మి కుమ్మి, ఏమీ రాక, తల్లి మొహంలోకి చూసి అరిచింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఏడుస్తూ, గవరమ్మ దూడను వెంటబెట్టుకుని పంచాయతీ ఆఫీసుకు నడిచింది.

ఆఫీసులో పెద్దిరాజు కూలరు ముందు గురకపెడుతున్నాడు. కూలరు పక్కన పెద్ద తొట్టి, తొట్టినిండా నీళ్లు.

“నా గుంట నాకిప్పించండి బాబూ,” అంది గవరమ్మ.

నక్క మొహం వెలిగిపోయింది. “దానికి వేరే పథకం ఉందండీ, ‘ఇంటికో గుంట’. గుంట లేనివాళ్లకే ఇస్తారు. మీరు నూటికి నూరుపాళ్లు అర్హులు!”

“హమ్మయ్య!”

“కాకపోతే కూలరున్న ఇంటికి వర్తించదు.”

“అయితే కూలరు పట్టుకుపొండి!”

“వాపసుకి మళ్లీ నలభై రెండు చెట్లు,” అన్నాడు కోతి.

గవరమ్మ తిన్నగా వెళ్లి తొట్టిలో దిగి కూర్చుంది. సగం నీళ్లు బయటికి పోయాయి. మిగతా సగం బురదయ్యాయి. “లేవండి! అవి ప్రభుత్వ నీళ్లు!” అని నక్క గంటసేపు అరిచాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టే అయింది.

ఈలోగా సర్పంచి కూలరులో నీళ్లయిపోయి వడగాడ్పు కొట్టింది. పెద్దిరాజు ఉలిక్కిపడి లేచాడు. తొండం వేసి లాగాడు. గవరమ్మ అంగుళం కదల్లేదు.

“ఈవిడకేం కావాలయ్యా?”

“గుంటండి. కానీ నిబంధన ప్రకారం...”

“నిబంధన ఏట్లో పారెయ్! ముందు తవ్వించి చావు!”

ఆ పందులే వచ్చి ఆ చోటే తవ్వాయి. ఈసారి పంచాయతీ కూలి కాబట్టి రెట్టింపు పుచ్చుకున్నాయి. నీరు ఊరగానే గవరమ్మ గుంటలో దిగింది. నాలుగు రోజుల్లో పాలు తిరిగొచ్చాయి. దూడ పొట్ట పగిలేలా తాగి, తల్లి పక్కనే పడి నిద్రపోయింది. దాన్ని చూస్తుంటే గవరమ్మకు ఆనందంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

మర్నాడు ప్రారంభోత్సవం జరిగింది. పెద్దిరాజు రిబ్బను కత్తిరించాడు. నక్క ప్రగతి నివేదికలో ‘లబ్ధిదారు సంపూర్ణంగా చల్లబడినది’ అని రాసుకున్నాడు. గట్టున ‘పెద్దిరాజు గుంట’ అని శిలాఫలకం పాతారు. గవరమ్మ సర్పంచికి పూలదండ వేసి, కృతజ్ఞతతో మూడు నిమిషాలు మాట్లాడింది.

ఇందులో నేర్చుకోవలసింది: మనకున్న గుంటను మనం పూడ్చుకుంటేనే గాని, ప్రభుత్వం మనకు చేసిన మేలేమిటో కంటికి కనబడదు.