వీరాంజనేయులు గారి గుండెకి చేపల పులుసు

రక్తనాళాలు గట్టిపడటం జబ్బని ఎవరన్నారండీ? అది హోదా! పదెకరాల పొలం, డాబా ఇల్లు, కరెంటు మోటారు ఉండి కూడా రక్తనాళాలు మెత్తగా ఉన్నవాణ్ణి ఈ పంతొమ్మిది వందల ఎనభై ఆరులో ఎవరు లెక్కచేస్తారు? నమ్మకం లేకపోతే శావల్యాపురంలో బస్సు దిగి వీరాంజనేయులు గారి ఇల్లెక్కడో అడగండి. మొన్నమొన్నటిదాకా ఆయన ఉత్త పత్తి రైతు. ఇప్పుడు హార్ట్ పేషెంటు!

ఇదివరకు ఆయనతో మాట్లాడాలంటే చేనికి వెళ్ళాల్సి వచ్చేది. నరసరావుపేట డాక్టరు గారు ఛాతీకి వైర్లు తగిలించి, కాగితం మీద గీతలు తీసి, "రక్తనాళాలు గట్టిపడుతున్నాయి, జాగ్రత్త" అన్నప్పట్నించీ ఆయన వసారాలో నవారు మంచం మీదికి మారారు. ఊరే ఆయన దగ్గరికి రావడం మొదలుపెట్టింది. ఎవరైనా ఎదురు మాట్లాడితే చెయ్యి ఛాతీ మీద పెట్టుకుంటే చాలు. పొలం గట్టు తగాదాలో సొంత తమ్ముడు నాగులు అలాగే నోరు మూసుకుని వెళ్ళిపోయాడు. ప్లీడర్లు ఏళ్ళ తరబడి వాయిదాలు తిప్పినా తెగని తగాదా అది! ఏ మందు చేస్తుందండీ ఇంత మేలు?

ఆ డాక్టరు గారు కొత్తగా చదువుకున్నవాడు. విదేశీ పత్రికలు తెప్పించుకుంటాడు.

"మంచు దేశాల్లో ఎస్కిమోలని ఉంటారండీ. వాళ్ళకి పొద్దున లేస్తే చేపలే తిండి. గుండెజబ్బులు తక్కువట. చేప కొవ్వులో ఏదో ఫ్యాటీ యాసిడ్ ఉంది, అది రక్తనాళాల్లో వాపు తగ్గిస్తుందంటున్నారు. ఇంకా పరీక్షలు జరుగుతున్నాయనుకోండి. మీరు మాత్రం వేటమాంసం, నెయ్యి తగ్గించి చేప తినండి. సముద్రం చేపైతే మంచిది. కానాగంతలు తినండి, చవక కూడానూ" అన్నాడు.

ఆ ఆఖరి మాట వీరాంజనేయులు గారి గుండెకి జబ్బుకంటే గట్టిగా తగిలింది. ఇంటికొచ్చాక ఆయన భార్య ధనమ్మ, "డాక్టరు చెప్పిన చేపే తెప్పించుకో అయ్యా" అంది.

"ఏమే, కూలోళ్ళు తినే చేప నేను తినేదేంది? పదిమంది వచ్చిపోయే ఇంట్లో కానాగంతల కంపా? పరువు పోదూ!"

కాబట్టి ఖరీదైన చెరువు చేప, కొర్రమీను వచ్చింది. చేపలమ్మే నాగూర్ వలి సైకిలుకి బిందె కట్టుకుని, ప్రాణంతో ఉన్న చేపల్ని ఇంటికే తెచ్చి ఇచ్చేవాడు.

ఇక వండే పద్ధతి. ఇక్కడ వీరాంజనేయులు గారు సైన్సుని డాక్టరు గారికంటే ఓ అడుగు ముందుకు తీసుకెళ్ళారు. చేప లోపల ఉన్న కాస్త నూనే ఇంత మేలు చేస్తుంటే, చేప మీద పోసే నూనె ఇంకెంత మేలు చెయ్యాలి? పాపం, ఎస్కిమోలకి మన వేరుశనగ నూనె దొరక్కపోయింది గానీ! పులుసు మీద వేలు మందాన నూనె తేలితే తప్ప ఆయన కంచం దగ్గరికి జరిగేవారు కాదు. అన్నంలోకి మాత్రం నెయ్యి మానేశారు. ఆ నెయ్యి ముక్కల వేపుడులో పోయించుకునేవారు.

పలకరింపులు సరేసరి! బొల్లాపల్లి నుంచి బావమరుదులు, సత్తెనపల్లి నుంచి వియ్యాలవారు. గుండె బాగాలేని మనిషిని చూడ్డానికొచ్చి ముద్ద ముట్టకుండా పోతే ఏం మర్యాద? ఆ మనిషి పక్కన కూర్చుని తినకపోతే ఏం మర్యాద? "బావా, నువ్వు కలిపితేనే నేను చెయ్యి కడుగుతా" అని వాళ్ళు బిగుసుకు కూర్చుంటే కాదనగలమా! పథ్యం చేసే మనిషి ఒకే పూట రెండు పంక్తుల్లో కూర్చుని మర్యాద నిలబెట్టారు. ఎస్కిమోలలో ఉందా ఇంత త్యాగం?

ధనమ్మ సంగతి చెప్పడం మర్చిపోయాను. అందరూ మర్చిపోతారు లెండి. కొర్రమీనుని బూడిద వేసి బండకి రుద్దేది ఆవిడ. మసాలా నూరేది, పత్తికట్టె పొగలో పులుసు కాచేది, పంక్తులకి వడ్డించేది ఆవిడ. చివరికి తను కూర్చునేసరికి దాకలో నూనె మిగిలేది, ఎప్పుడన్నా ఒక తోక ముక్క. ఓ రోజు ఎంగిలాకులు ఎత్తుతూ గోడకి ఆనుకుని, "దవడ లాగతా ఉందయ్యా. ఎడమ చెయ్యి కూడా గుంజుతా ఉంది" అంది.

"కారం నూరితే చెయ్యి గుంజకేం చేస్తది? కాస్త బామ్ రాసుకో" అన్నారాయన, ఛాతీ నిమురుకుంటూ.

నిజమే కదండీ! ఆడవాళ్ళకి రక్తనాళాలు ఎక్కడుంటాయి? ఉంటే ఇన్నాళ్ళలో ఎవరో ఒకరు అడిగి ఉండేవారు కాదూ?

మళ్ళీ చూపించుకోవడానికి ఇద్దరూ నరసరావుపేట వెళ్ళారు. డాక్టరు గారికి కృతజ్ఞతగా కొర్రమీను పులుసు క్యారియర్లో పెట్టి ధనమ్మ చేతికిచ్చారు. ఆస్పత్రి మేడ మీద. హార్ట్ పేషెంటు గారు నిదానంగా పైకెక్కేశారు. ధనమ్మ సగం మెట్ల మీద క్యారియర్ పట్టుకుని కూలబడింది. ఒళ్ళంతా చెమట.

"ఆయాసమండీ, దానికేం లేదు. నన్ను చూడండి" అంటున్నా వినకుండా డాక్టరు గారు ఆవిణ్ణి లోపల పడుకోబెట్టి ఆ వైర్లు తగిలించాడు. కాగితం చూసి మొహం మార్చుకున్నాడు.

"మీకంటే ఈవిడ గుండే ఎక్కువ పాడైందండీ! ఎప్పట్నించమ్మా నొప్పి?"

"దానికి నొప్పేం లేదండీ" అన్నారు వీరాంజనేయులు గారు.

"కారం నూరిన నొప్పి అనుకున్నా సారూ" అంది ధనమ్మ.

గుంటూరు పెద్దాసుపత్రిలో పెట్టి బతికించారు. పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దన్నారు. వారం వారం చేప తినమన్నారు. వసారాలో మంచం ఖాళీ లేదు గనక వెనక సామాన్ల కొట్లో పడుకోబెట్టారు.

మళ్ళీ పలకరింపులు మొదలయ్యాయి. అయితే ఎవర్ని పలకరించారంటారు? పక్కింటి బుజ్జమ్మ వసారా దాటి లోపలికి పోనేలేదు. "అన్నా, నీకెంత కష్టమొచ్చిందన్నా! వండిపెట్టే దిక్కు లేకపోయెనే!" అని ముక్కు చీదింది. ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నారు.

అప్పుడే నాగూర్ వలి సైకిలు గంట మోగింది. సత్తెనపల్లి బస్సు కూడా వచ్చినట్టుంది, వియ్యాలవారు వాకిట్లో కాళ్ళు కడుక్కుంటున్నారు.

"ఏమే, చేపొచ్చింది!" వసారాలోంచి కేకేశారాయన. "డాక్టరు నీకే గదా రాసింది. కాస్త లేచి పులుసు పడేయ్, ఇద్దరికీ మంచిది."

కొట్లో మంచం కిర్రుమంది. కాసేపటికి బండ మీద చేపని రుద్దుతున్న చప్పుడు.

అంత సైన్సు ముందు నేనెంత! ఒక్క సందేహం మాత్రం తీరలేదు. ఎస్కిమోల ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎన్నో పంక్తిలో తింటారో డాక్టరు గారి పత్రికలో రాశారేమో, ఎవరైనా నరసరావుపేట వెళ్తే కాస్త కనుక్కోండి.