సవరణ కౌంటర్ పది గంటల వరకే

బీచ్ రోడ్డులో రాత్రి వినోదాల కౌంటర్ దగ్గర ఎవరి వయసు ఎంత చెబితే, టికెట్ చేతికి రాగానే వాళ్ల వయసు అంతే అవుతుంది. హాఫ్ టికెట్ల దగ్గర గొడవలు ఎక్కువై, పిల్లల పళ్లు లెక్కపెట్టడానికి సిబ్బంది చాలక ఈ పద్ధతి పెట్టారు. అప్పట్నుంచి అబద్ధం చెప్పినవాడు ఒక్కడూ దొరకలేదు. చెప్పిందల్లా నిజమైపోతోంది మరి.

చిలకలూరిపేట నుంచి భార్యాబిడ్డలతో మూడు రోజులు గడుపుదామని వచ్చిన శేషగిరి ఒక సహకార సంఘంలో గుమాస్తా. మొదటిరోజు సాయంత్రమే అతని గుండె జారింది. పగలు సముద్రం ఉచితం. చీకటి పడితే ప్రతిదానికీ టికెట్టే. లైట్ల పడవకి, పాటల వేదికకి, ఆఖరికి ఇసుకలో వేసిన కుర్చీకి కూడా. కౌంటర్ పక్కన బోర్డు మీద ఐదేళ్ల లోపు ఉచితం, అరవై నిండితే సగం అని ఉంది. కింద ఇంకో నాలుగు లైన్లు ఉన్నాయి గానీ, రాయితీ కనిపించాక మనవాళ్లెవరూ కింది లైన్లు చదవరు.

"పాపకి నాలుగు" అన్నాడు. తన్వికి తొమ్మిది. పిల్ల వయసు తగ్గించి చెప్పడం అతనికి ఎప్పుడూ అబద్ధంగా తోచలేదు. బస్సెక్కే ముందు "కండక్టరు అడిగితే నాలుగని చెప్పు" అని నేర్పడం పెంపకంలో భాగమే. అదే ఊపులో భార్య హైమని చూపించి, "ఈవిడకి అరవై" అన్నాడు. హైమకి ముప్పై ఆరు. "అదేంటండీ" అని నవ్విందావిడ. కౌంటర్లో ఉద్యోగి నవ్వలేదు, రాసుకున్నాడు. శేషగిరి తన వయసు మాత్రం నలభై ఒకటని ఉన్నదే చెప్పాడు. సామాన్లు మోయడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా.

పడవ ఎక్కుతుంటే హైమ మోకాళ్లు పట్టేశాయి. తన్వి గౌను భుజాల మీంచి జారిపోతుంటే ఎత్తుకోమని చేతులు చాచింది. హైమ ఎలాగో ఎత్తుకుని, పడవ మీద వెలుగుతున్న పేరు చూపించి "చదువమ్మా" అంది. కనిపించిన ప్రతి బోర్డూ బిగ్గరగా చదివి తలనొప్పి తెప్పించే పిల్ల ఆ అక్షరాల వైపు చూసి, "రంగులు బావున్నాయి" అంది.

హైమకి భయం వేసింది. మూడో తరగతి, ఎక్కాలు, మొదటిసారి తనంతట తాను జడ వేసుకున్న రోజు, టైఫాయిడ్‌తో పిల్ల పడుకుంటే మేలుకున్న పదకొండు రాత్రులు. ఇప్పుడవన్నీ ఒక్క తనకే గుర్తున్నాయి.

"పొద్దున్నకి సర్దుకుంటుందిలే" అన్నాడు శేషగిరి. "డబ్బులు పోశాం, పాటలు విను."

ఆవిడ పాటలు వినలేదు. పక్క సీటావిడని అడిగితే, ఒడ్డున సవరణ కౌంటర్ ఉందనీ, పది గంటల వరకేననీ చెప్పింది. పడవ ఒడ్డుకి చేరేసరికి తొమ్మిది నలభై. హైమ పిల్లని చంకనేసుకుని ఆ మోకాళ్లతోనే ఇసుకలో పరిగెత్తింది. వరసలో అరవై ఏళ్ల ఆడవాళ్లే ఎక్కువ. దాదాపు ప్రతి చంకలోనూ ఒక నాలుగేళ్ల పిల్ల ఉంది. అందరూ గోడ గడియారమే చూస్తున్నారు.

వీళ్ల వంతు వచ్చేసరికి ఇంకా నాలుగు నిమిషాలుంది. "ఏడాదికి రెండు వందలు సార్" అన్నాడు అక్కడి ఉద్యోగి. "పాపకి ఐదేళ్లు, వెయ్యి. అమ్మగారికి ఇరవై నాలుగేళ్లు, నాలుగు వేల ఎనిమిది వందలు. ఆధార్ జిరాక్సులు ఇవ్వండి."

"రేపు కట్టొచ్చా?" అన్నాడు వెనకే వచ్చిన శేషగిరి.

"రేపటికి ఇదే అసలు వయసైపోద్ది సార్."

శేషగిరి జేబులో రెండు వేల చిల్లర ఉంది. బ్యాంకులో ఉన్నది ఇంటి లోను వాయిదాకి. అతను జేబు వైపు, ఫోను వైపు మార్చి మార్చి చూశాడు.

"పాపది కట్టేయండి" అంది హైమ.

"మరి నీది?" అని అడిగాడు. అడగలేదని అనకూడదు. అడుగుతూనే వెయ్యి లెక్కపెట్టాడు.

స్టాంపు పడగానే పిల్ల బరువెక్కింది. "నన్నెందుకు ఎత్తుకున్నావమ్మా, దించు" అని కిందికి దిగి, కౌంటర్ మీది అక్షరాలు గట్టిగా చదివింది. "సవరణలకు సమయం ముగిసినది." హైమ పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, సంతోషంతోనే.

"బెంగపెట్టుకోకండమ్మా" అన్నాడు ఉద్యోగి షట్టరు దించుతూ. "ఇంటికెళ్లాక ఎవరికీ తేడా తెలీదు. ఇంతవరకు ఒక్క కంప్లయింటు కూడా రాలేదు."

అతను చెప్పినట్టే జరిగింది. తిరిగొచ్చిన మర్నాడు హైమ ఎప్పటిలాగే ఐదింటికి లేచి వండింది, క్యారేజీలు కట్టింది, బట్టలు ఉతికింది. "ప్రయాణం పడినట్టు లేదే" అంది పక్కింటావిడ, చక్కెర అప్పు తీసుకుంటూ. శేషగిరి ఆఫీసులో, రాత్రిపూట సరదాలు ఎంత చవకగా కానివ్వచ్చో వివరంగా చెప్పాడు. ఇద్దరు నోట్ చేసుకున్నారు.

ఇంటి దగ్గరే ఉండిపోయిన అత్తగారు మాత్రం ఆ మధ్యాహ్నం నొప్పుల మందు సీసా తెచ్చి, కోడలి చాప మీద కూర్చుని, ఏమీ అడక్కుండా మోకాలికి రాయడం మొదలుపెట్టింది. ఆవిడ వయసెంతో ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

"ఎంత రాయించాడు?" అంది కాసేపయ్యాక.

"అరవై, అత్తయ్యా."

"మీ మావయ్య నాకు యాభై రాయించారు. ఎగ్జిబిషన్లో, జెయింట్ వీల్ ఎక్కడానికి. నాకప్పుడు ఇరవై తొమ్మిది. గిరికి ఆరేళ్లుంటే మూడని చెప్పారు. వాడిది ఆ పూటే సరిచేయించాను" అంటూ రెండో కాలు కూడా చాపమంది.