నైరుతి మూల బావి

ఆ ఆదివారం త్రికోటేశ్వరరావు పెట్టుకున్న పని ఒక్కటే. తాను తయారుచేసిన ఆటను వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టడం, ఆ తర్వాత ఎవరో ఒకరు ఫోన్ చేసి బాగుందనేదాకా కూర్చోవడం. నరసరావుపేటలో ఆదివారం పొద్దున ఇంతకన్నా తీరిక ఉన్న మనిషి ఇంకొకడు ఉంటాడని అనుకోను. వారమంతా కాలువల ఆఫీసులో మ్యాపులు గీసే ఆ మనిషికి సెలవొస్తే చాలు, ఇల్లు మీద పడ్డట్టుండేది. భార్య కుసుమ పోయి మూడేళ్లయింది. పిల్లల్లేరు. ఆ ఇంట్లో మాట వినపడాలంటే టీవీ పెట్టాలి, లేదా కాలికి గడప తగలాలి.

ఆటంటే పరుగులు పెట్టి తుపాకులు కాల్చేది కాదు, చదువుకుంటూ ఆడేది. తెరమీద నాలుగు వాక్యాలొస్తాయి. నువ్వొక ఇంటి ముందు నిలబడ్డావు, గేటు వేసి ఉంది, ఏం చేస్తావు? కింద దిక్కుల పేర్లతో మీటలుంటాయి. ఒకటి నొక్కితే ఇంకో గది, ఇంకో బొమ్మ, ఇంకో చప్పుడు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే సరంజామాతో వేసవంతా కూర్చుని కట్టాడు. బొమ్మలకు వేరే ఇల్లెక్కడ తెస్తాడు? తన ఇంటికే ఫొటోలు తీశాడు. గేటు కిర్రుమనడం, కుక్కరు కూయడం తన ఇంటివే. బావిలో పడ్డ చప్పుడు కోసం నీళ్ల బకెట్లో గుండ్రాయి వేశాడు. గదుల్ని మాత్రం ఆట తేలిగ్గా తెమలకూడదని ఇష్టమొచ్చినట్టు తిప్పేశాడు. మ్యాపులో ఉత్తరం పైనుంటుంది కాబట్టి, ఆడేవాళ్లు తెర కిందినుంచి, అంటే దక్షిణం గేటులోంచి లోపలికి రావాలి. వంటిల్లు ఈశాన్యంలో పడింది. నైరుతి మూల బావి వచ్చింది. చూసుకోకుండా అడుగేస్తే అందులో పడి మళ్లీ మొదటికి రావాల్సిందే.

ఇవన్నీ దాటిన వాళ్లకు చిట్టచివర తూర్పు గది వస్తుంది. అందులో కుసుమ గొంతుంది. ఎప్పుడో ఆవిడ ఫోన్లో చెప్పి పంపిన రెండు ముక్కలు. ఒంటరిగా వాటిని వినీ వినీ త్రికోటేశ్వరరావుకి ఒక భయం పట్టుకుంది. తాను తప్ప ఈ లోకంలో ఆ గొంతు ఎరిగినవాళ్లు లేకుండా పోతారేమోనని. ఇంకెవరైనా వినాలి. ఊరికే పంపితే దండం బొమ్మ పెట్టి ఊరుకుంటారు. వెతుక్కుంటూ వచ్చి వినాలి. అందుకోసమే ఆ ఆటంతా.

"ఇది పూర్తిగా ఉచితం. అందరూ ఆడండి, తెలిసినవాళ్లకు పంపండి" అని రాసి లింకు పెట్టాడు. శుభోదయం పూలబొమ్మల మధ్య అది వెళ్లి కూర్చుంది. కాసేపటికే ఫోన్ మోగింది. ఎదురింటి రామాయమ్మ.

"ఏందబ్బాయ్, నీ ఆట తెరిచా."

త్రికోటేశ్వరరావు లేచి నిలబడ్డాడు. "ఎందాకా వచ్చారు పిన్నీ?"

"యాడికొచ్చేది? గేటు కాడే ఆగిపొయ్యా. దక్షిణం గుమ్మంలోంచి పొమ్మంటంది. నేను తొక్కుతానా?"

"అది ఉత్తుత్తి గేటు పిన్నీ."

"ఉత్తుత్తిదేంది, మీ గేటేగా! ఆ పెచ్చులూడిన గోడ నాకు తెలవదా? ఇన్నేళ్లు ఎదురింట్లో ఉండి అది దక్షిణం గేటని తెలుసుకోలేకపొయ్యా."

"మన గేటు తూర్పుకే ఉంది పిన్నీ. కిటికీలోంచి చూడండి."

"ఫోన్లో చూపిస్తంటే కాదంటావేంది?" అని ఆవిడ పెట్టేసింది.

ఆవిడకంటే ధైర్యస్థులు గేటు దాటి లోపలికి వెళ్లారు. వెళ్లినవాళ్లు చూసిందంతా గ్రూపులో రాయసాగారు. వంటిల్లు ఈశాన్యంలోనట. నైరుతిలో బావట, ఒకాయన రెండుసార్లు పడ్డాడట. "అట్టాంటి ఇంట్లో మనుషులెట్టా నిలుస్తారు?" అని ఎవరో రాస్తే, దాని కింద దండం బొమ్మలు బారులు తీరాయి. ఆ ముక్క త్రికోటేశ్వరరావు గుండెలో గుచ్చుకుంది. "మా ఇల్లు అలా లేదు. అది నేను కల్పించింది" అని రాశాడు. "పాపం, బయటికి చెప్పుకోలేకపోతన్నాడు" అని జవాబొచ్చింది.

ఇక లాభం లేదని రవిశంకర్ బయల్దేరాడు. వారమంతా ప్లాట్లు అమ్ముతాడు, ఆదివారం వాస్తు చూస్తాడు. చేతిలో దిక్సూచి ఉన్న ఫోను, వెంట వీధిలోవాళ్లు సగం మంది. ఇల్లంతా తిరిగాడు. గేటు తూర్పుకే ఉంది. వంటిల్లు ఉండాల్సిన ఆగ్నేయంలోనే ఉంది.

"అన్నీ సరిగానే ఉన్నయ్యే!" అన్నాడు నిరాశగా. "మరి బావేది?"

"బావి లేదండీ."

"లేకపోవడమేంది? చప్పుడు నా చెవులతో విన్నా."

"అది బకెట్టు."

"బకెట్టంట!" అని రవిశంకర్ జనంకేసి తిరిగి నవ్వాడు. "పూడ్చేసిన బావండీ. ఇల్లు అమ్మినోళ్లు మీకు చెప్పుండరు. నైరుతిలో అట్టాంటిది ఉంటే ఇంటికి మనిషి రాడు, వచ్చినా నిలవడు. తవ్వితే తేలిపోద్ది."

అప్పటికే ఎవరో మేస్త్రీ అబ్దుల్ జబ్బార్‌ని పిలిపించారు. అతను గునపం గోడకు ఆనించి, "ఈ దిక్కుల సంగతి నాకు తెలవదు సార్. రమ్మన్నారు, వచ్చా. వద్దంటే పోతా" అన్నాడు.

వద్దనే మాట త్రికోటేశ్వరరావు నోటిదాకా వచ్చింది. కానీ పెరట్లో ఎటు చూసినా జనం. కుసుమ పెద్దకర్మ రోజు తర్వాత ఆ పెరట్లో నలుగురు మనుషులు నిలబడ్డం అదే మొదలు. ఒకాయన జామకాయ కోసుకుని తింటున్నాడు కూడా. వద్దంటే వీళ్లంతా వెళ్లిపోతారు.

"సరే, కొంచెం తవ్వు" అన్నాడు.

నాలుగు పోట్లు పడ్డాయో లేదో, గునపం వెనక సందుకు వెళ్లే మున్సిపాలిటీ పైపులో దిగింది. నీళ్లు జామచెట్టు ఎత్తున లేచాయి. క్షణాల్లో గుంత నిండి పొంగింది. తలనుంచి కాళ్లదాకా తడిసిన రవిశంకర్ రెండు చేతులూ పైకెత్తి, "చూశారా! నైరుతిలో నీళ్లు! నేను చెప్పలా?" అని అరిచాడు. జనం చప్పట్లు కొట్టారు. ఈలోగా వీధి కుళాయిలన్నీ ఆగిపోయాయి. అప్పటిదాకా రానివాళ్లు బిందెలతో తిట్టడానికి వచ్చి, సంగతి విని, తిట్టడం మర్చిపోయి ఉండిపోయారు. జబ్బార్ పాత సైకిల్ ట్యూబుతో పైపుకి కట్టు కట్టి, నుదురు తుడుచుకుంటూ లేచాడు.

చివరికి రామాయమ్మే తీర్పు చెప్పింది. "ఇల్లు మంచిదే. నీళ్లు మున్సిపాలిటీవి. రోగమంతా ఆ ఆటలో ఉంది. దాన్ని బాగుచెయ్యండి."

"నేనూ అదే చెప్పబోతన్నా" అన్నాడు రవిశంకర్.

ముందుగదిలో లాప్‌టాప్ చుట్టూ బురదకాళ్లతో అందరూ చేరారు. కుర్చీలు చాలక కొందరు నేలమీద కూర్చున్నారు. ఒకరు వంటిల్లు జరపమంటే ఇంకొకరు మెట్లు తిప్పమన్నారు. బావిని ఈశాన్యానికి మార్చారు. త్రికోటేశ్వరరావు అన్నింటికీ తలూపుతూ గబగబా మార్చుకుంటూ వచ్చి, గేటు దగ్గర ఆగిపోయాడు.

"గేటు తూర్పుకి తెస్తే రాగానే తూర్పు గదే వస్తుంది పిన్నీ. అది చిట్టచివర రావాలి."

"చివర్న దేనికి? మంచిది ముందొస్తే తప్పేంది?" అంది రామాయమ్మ.

త్రికోటేశ్వరరావు గేటు మార్చాడు. రవిశంకర్ శుభమని మీట నొక్కాడు. గేటు కిర్రుమంది. ఆ వెంటనే గదిలో కుసుమ మాట్లాడింది.

"ఏమండీ, గేటు గడియ పెట్టకుండా పోయారు. మేకలొచ్చి కరివేపాకు మొక్క మొదలుకంటా మేసినయ్. ఇంటికి రండి, మీ సంగతి చెప్తా."

రామాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కుసుమే. అచ్చం అట్టానే అరిచేది" అని, గొంతు తగ్గించి, "ఆ మేకలు మావేనబ్బాయ్" అంది.

"ఇంకోసారి పెట్టండి సార్" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ జబ్బార్.

ఇంకోసారి విన్నారు. బిందెలవాళ్లు వినలేదంటే మళ్లీ పెట్టారు. త్రికోటేశ్వరరావు లాప్‌టాప్ వైపు చూడలేదు, వింటున్న మొహాల్ని చూశాడు. అందరికీ ఆ గొంతు తెలిసింది. అంతమంది ముందూ ఏడ్చాడు, సిగ్గనిపించలేదు.

తెరమీద "మీరు గెలిచారు. ఆట ముగిసింది" అని పడింది.

"దిక్కులు కుదిరితే ఎంత తొందరగా గెలిచామో చూశారా!" అన్నాడు రవిశంకర్. అందరూ సంతోషించి, కాళ్లు కడుక్కుని, ఎవరిళ్లకు వాళ్లు వెళ్లారు. సాయంత్రానికి వీధిలో ప్రతివాళ్లూ ఒక్క మీట నొక్కి ఆట గెలిచేశారు. దోషం పోయిందని గ్రూపులో అభినందనలు చెప్పుకున్నారు. ఇక ఆ ఇంటికి ఎవరైనా రావడానికి కారణమంటూ మిగల్లేదు.

సోమవారం ఎవరూ రాలేదు. మంగళవారం జబ్బార్ వచ్చి గుంత పూడ్చి వెళ్లాడు. ఆ తర్వాత ఫోనైనా మోగలేదు. ఇల్లు ఎప్పటిలాగే ఖాళీగా ఉంది గానీ, ఒకరోజు నిండి ఖాళీ అయిన ఇల్లు అంతకుముందుకంటే కష్టంగా ఉంటుందని అతనికి తెలిసొచ్చింది. రాత్రి అన్నం తింటూ గడపకేసి చూసేవాడు.

కుసుమ మాటలు ఫోన్లో ఇంకా చాలా ఉన్నాయి. శనివారానికల్లా రెండో ఆట సిద్ధమైంది. ఈసారి గేటు తూర్పుకే పెట్టాడు. వంటిల్లు ఆగ్నేయంలో, పడకగది నైరుతిలో, అన్నీ శాస్త్రం తప్పకుండా చూసుకుని కట్టాడు. ఆదివారం పొద్దున్నే పక్కింటినుంచి కుర్చీలు తెచ్చి వేసి, వీధి తలుపులు బార్లా తెరిచి, లింకు గ్రూపులో పెట్టాడు.

మరుగుదొడ్డి మాత్రం ఈశాన్యంలో పెట్టాడు.