పోతూనే ఉన్న చిన్నకొట్టాల

ఏదీ తేల్చకుండా కూర్చోవడం అంత హాయైన పరిపాలన ఈ భూమ్మీద ఇంకోటి లేదు! నవ్వకండి. ఇది చాలా సీరియస్‌గా చెబుతున్న మాట.

ఇంగ్లండునే తీసుకోండి. యూరప్‌లో చాలా దేశాలు కలిసి పెట్టుకున్న యూనియన్‌లోంచి పోతాం పోతాం అని జనం ఓటేశారు. ఓటేశాక పోయారా? మూడేళ్లు దాటేదాకా పోతూనే ఉన్నారు! సంచి భుజాన తగిలించుకుని, చెప్పులేసుకుని, "ఇంక పోయొస్తాం" అంటూ గుమ్మంలోనే నిలబడి గంటసేపు కబుర్లు చెప్పే చుట్టాన్ని మీరు చూళ్లేదా? సరిగ్గా అదే పద్ధతి. గడువు రావడం, గడువు పెంచడం. మధ్యలో ప్రధానులు మారిపోయారు గానీ చుట్టం మాత్రం గుమ్మం దిగలేదు. దానివల్ల నష్టపోయిందెవరు? టీవీ వాళ్లకు చేతినిండా పని, లాయర్లకు పని, మేధావులకైతే ఊపిరాడనంత పని. దేశం మొత్తానికీ ఉపాధి హామీ పథకం పెట్టినట్టే కదా!

ఇంత గొప్ప విధానాన్ని మన దగ్గర అమలు చేసి చూపించిన ఘనుడు ఎవరో తెలుసా? ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు దిగి లోపలికి పోతే తగిలే చిన్నకొట్టాల వార్డు మెంబరు జయరాం. చిన్నకొట్టాల వేరే ఊరేం కాదు, గెజ్జెహాళ్ పంచాయతీలో ఒక మజరా, అంటే శివారు పల్లె. జయరాంకు ఆదోనిలో సెల్‌ఫోన్ల షాపు. ఊళ్లో మాత్రం ఆయన నాయకుడు.

కథ తారురోడ్డుతో మొదలైంది. రోడ్డు గెజ్జెహాళ్ దాకా నల్లగా నిగనిగలాడుతూ వచ్చి, అక్కడ ఠక్కున ఆగిపోయింది. కొట్టాలకు గుప్పెడు కంకర కూడా రాలేదు. గెజ్జెహాళ్ సర్పంచ్ రంగమ్మ. సంతకం ఆమెది, నోరు మాత్రం ఆమె మొగుడు నాగప్పది. ఆ నాగప్పను ఎట్లా బెదిరించాలా అని జయరాం తల పట్టుకుని కూర్చున్న రోజునే, రిటైరైన టీచరు నరహరి ఫోను బాగు చేయించుకోవడానికి షాపుకొచ్చి, ఇంగ్లండు కథంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

జయరాం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"మనమూ పంచాయతీలో నుంచి పోతామని ఓటు పెడదాం సార్! ఓడిపోతాం, అది ఖాయం. అయితే నాలుగు ఓట్లు పడినా సాలు, నాగప్పకు సెమటలు పడ్తాయి. రోడ్డు దానంతటదే వస్తాది."

"ఆ దేశంలోనూ అట్లే అనుకోని ఓటు పెట్టినారంట నాయనా" అన్నాడు నరహరి.

జయరాం ఆ మాట వింటే కదా! పోవాలనుకున్నవాళ్లు కుండలో వేరుశనగ బుడ్డ వేయాలి, ఉండాలనుకున్నవాళ్లు పత్తి గింజ వేయాలి. పిడికిలి మూసి కుండలో చెయ్యి పెట్టాలి, ఎవరేం వేశారో ఎవరికీ తెలియదు. జయరాం ఏం వేశాడో మీకొక్కరికే చెబుతున్నాను, బయట అనకండి. పత్తి గింజ వేశాడు! పోదాం రండని మైకు పట్టుకుని అరిచిందీ ఆయనే, ఉంటే చాలు తల్లీ అని మొక్కుకుంటూ గింజ వేసిందీ ఆయనే.

కానీ ఆ రోజు ఆదోని మార్కెట్ యార్డులో పత్తికి మంచి ధర పలుకుతోందని, ఉండిపోదామనే పెద్దమనుషులంతా బండ్లు కట్టుకుని పొద్దున్నే వెళ్లిపోయారు. కుండ బోర్లిస్తే జలజలా అన్నీ బుడ్డలే, మధ్యలో దిక్కులేని పత్తి గింజ ఒక్కటి. జనం జయరాంను భుజాల మీదికి ఎత్తుకున్నారు. "గెలిచినాం!" అని అరిచాడు పాపం. కళ్లు మాత్రం ఆ పత్తి గింజ మీదే ఉన్నాయి. అది ఎవరిదో ఎవరికీ తెలియలేదు.

మర్నాడే నాగప్ప కబురు పంపాడు. "పోండప్పా, సంతోషంగా పోండి. మిట్ట మీద నీళ్ల ట్యాంకీ మాది, రేషన్ షాపు మాది, బడి మాది. మీదేమన్నా ఉంటే మోసుకోని పోండి."

సరిగ్గా అప్పుడే మన జయరాంలో రాజనీతిజ్ఞుడు పుట్టాడు. "పోయేది ఖాయం! ఎప్పుడనేది మాట్లాడి సెప్తాం" అన్నాడు.

ఉగాది కానీండి అన్నాడు. అయింది. పీర్ల పండగ కానీండి అన్నాడు. అదీ అయింది. విత్తనాలు పడనీండి అన్నాడు, పత్తి తీతలు కానీండి అన్నాడు. తేదీ తేల్చడానికి కమిటీ వేశాడు. ఆ కమిటీలో ఎవరుండాలో తేల్చడానికి ఇంకో కమిటీ వేశాడు. ఇంటిపన్ను అడగడానికి బిల్లు కలెక్టరు వస్తే కొట్టాల మొత్తం "మేం పోయినోళ్లం" అనేది. రేషన్ బియ్యం దగ్గర "మేమింకా పోలేదు" అనేది. ఇంతకంటే సుఖం ఏముంది, చెప్పండి?

జయరాం వైభోగం అయితే అడక్కండి. పోతే పంచాయతీకొచ్చే నిధులు తగ్గుతాయని నాగప్ప పిలిచి టీ ఇచ్చేవాడు, పోవాలని నాగప్పంటే పడనివాళ్లు పిలిచి శాలువా కప్పేవారు. హొళగుంద వైపు నుంచి వేరే మజరాల నాయకులు ఈ పద్ధతి నేర్చుకుందామని జీపేసుకుని వచ్చారు. ఒక కన్నడ చానెల్ కుర్రాడు మైకు పట్టుకుని కన్నడంలో అడిగాడు, జయరాం తెలుగులో చెప్పాడు, ఇంటర్వ్యూ బ్రహ్మాండంగా వచ్చింది.

అన్నీ బాగానే ఉన్నాయి. ఒక్క చిన్న విషయం తప్ప. ట్యాంకీ నుంచి కొట్టాలకు వచ్చే పైపు వంకలో పగిలిపోయింది.

"పోయినోళ్లకు పైపు మేమెందుకేస్తాం?" అన్నాడు నాగప్ప. "మేమింకా పోలేదు గదా, మీరే ఏయాల" అన్నాడు జయరాం. "పోయిందీ లేందీ ముందు తేల్చుకోని రాండి" అన్నారు మండలం ఆఫీసులో. ముగ్గురి మాటల్లోనూ ఒక్కదాంట్లో తప్పు పట్టండి చూద్దాం! అందరూ కరెక్టే, పైపు ఒక్కటే తప్పుగా పగిలింది.

కొట్టాల ఆడవాళ్లు మాత్రం మిట్ట దిగి, వంక దాటి, ఎవరి పొలంలోనో ఉన్న బోరు దగ్గర నుంచి నీళ్లు మోసేవాళ్లు. ఎండాకాలం కరెంటు ఉంటే నీళ్లు, లేకుంటే ఖాళీ బిందెలు. ట్యాంకీ దగ్గర బిందె పెడదామంటే వాల్వు తిప్పే నాగప్ప మనిషి తరిమేవాడు. జయరాం భార్య తిమ్మక్కకు భుజం వాచిపోయింది.

"ఏమప్పా, పోతాండామా? ఉంటాండామా?" అని ఒకరోజు నిలదీసింది.

"అంత సులువుగా సెప్పే మాట కాదు తిమ్మీ. సర్చలు కీలక దశలో ఉండాయి."

"నా భుజమూ కీలక దశలోనే ఉండాది!"

జయరాం గంభీరంగా ఫోను చూసుకున్నాడు. తిమ్మక్కకు ఒళ్లు మండిపోయింది. మండదా మరి? నీళ్లు మోసేది ఆమె, శాలువాలు మోసేది ఆయన.

అంతలో గెజ్జెహాళ్ జాతర వచ్చింది. ఆ జాతరలో పొలి చల్లడం ఉంటుంది. అమ్మవారి ముందు కలిపిన అన్నం గంపలో పెట్టుకుని ఒక మనిషి ఊరి పొలిమేర చుట్టూ చల్లుకుంటూ పోతాడు. చల్లడం అయ్యాక మర్నాడు అమ్మవారిని సాగనంపేదాకా ఆ గీత దాటి ఒక్కరు బయటికి పోకూడదు, ఒక్కరు లోపలికి రాకూడదు. గంప నెత్తికెత్తిన మనిషి మధ్యలో ఆగకూడదు, వెనక్కి తిరగకూడదు. ఇన్నాళ్లూ కొట్టాలను కూడా కలుపుకుని చుట్టేవాళ్లు. ఈసారి కొట్టాల లోపలా, బయటా?

జయరాం మధ్యాహ్నమే చర్చలకని నాగప్ప ఇంటికి పోయి కూర్చున్నాడు. "పొలిని ఒక ఆర్నెల్లు వాయిదా ఏద్దామన్నా" అన్నాడు. "ఆ మాట అమ్మవారికి నువ్వే సెప్పుకో" అన్నాడు నాగప్ప. ఓళిగలు, అంటే మన బొబ్బట్లు, వచ్చాయి. నెయ్యి వచ్చింది. చర్చలు ముందుకు సాగాయి.

పొద్దు వాలింది. డప్పులు మోగాయి. పొలి గంప ఎత్తే బజారి బయల్దేరిపోయాడు. మిట్ట మీద దారి రెండుగా చీలే చోటుకొచ్చాడు. కుడి దారి కొట్టాలను చుట్టి వస్తుంది. ఎడమ దారి ట్యాంకీకీ గెజ్జెహాళ్‌కీ మధ్య నుంచి పోతుంది. ఎటు పోవాలో ఎవరూ చెప్పలేదు. ఆగకూడదు కదా, పాపం ఉన్నచోటే కాళ్లు ఆడిస్తూ గంతులేస్తున్నాడు.

"యాడికి పోవల్లబ్బా? ఎవురన్నా సెప్పండి! కాళ్లు గుంజుతాండాయి!"

ఎవరో జయరాంకు ఫోను చేశారు. "ఒక రెండు నిమిషాలు ఆగమను, కొలిక్కొస్తాండాది" అన్నాడాయన ఓళిగ నములుతూ.

అప్పుడే బోరు దగ్గర కరెంటు పోయి, ఖాళీ బిందెలతో ఆడవాళ్లు మిట్ట ఎక్కి వస్తున్నారు. ముందు తిమ్మక్క. ఆమె ట్యాంకీని చూసింది, తన బిందెను చూసింది, గంతులేస్తున్న బజారిని చూసింది.

"మేము పోతామని ఓటేసినాం గదా బజారన్నా? పోయినామనుకో! ఎడమ దారి పట్టు. ట్యాంకీకి ఆ పక్క నుంచి సల్లుకుంటా పో."

ముసలి హులిగమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "గీత బయటుంటే అమ్మ కాపాడ్తాదంటావా?"

"తాగేకి నీళ్లు లేని ఇండ్లలోకి అమ్మ మాత్రం ఎందుకొస్తాదవ్వా?"

ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పారు, బజారికి అదే పదివేలు. "పొలో పొలి!" అని కేకేస్తూ ఎడమ దారిన పరుగెత్తాడు.

అయిపోయింది! ఏ కమిటీ తేల్చలేని నిష్క్రమణ జరిగిపోయింది. కొట్టాల బయటపడింది. ట్యాంకీ, గెజ్జెహాళ్‌కు నీళ్లు వదిలే వాల్వుతో సహా కొట్టాల పక్కకు వచ్చేసింది. లోపల చిక్కుకుపోయింది కొట్టాలలో ఒక్కడే. అందరినీ బయటికి నడిపిస్తానన్న జయరాం!

తెల్లారింది. గెజ్జెహాళ్ నిండా చుట్టాలు. కొళాయి తిప్పితే బుస్సుమని గాలి. వాల్వు తిప్పే మనిషి గీత దాటకూడదు. నాగప్ప ఇంట్లో ఓళిగలు మిగిలాయి గానీ బిందెలు అడుగంటాయి. నాగప్పకు ఎక్కిళ్లు. జయరాంకు ఎక్కిళ్లు. చివరికి జయరాం ఫోను చేశాడు.

"తిమ్మీ, ఆ వాల్వు కొంచెం తిప్పే."

"వాల్వు ఎవురిదో తేలిందా?"

"దాని గురించే మాట్లాడ్తాండాం."

"మాట్లాడుకోండప్పా, తొందరేముంది? మేము ట్యాంకీ కాడ తలకు పోసుకుంటాండాం."

నాగప్ప ఫోను లాక్కున్నాడు. "సెల్లెమ్మా! అమ్మవారి మీద ఒట్టు, రేపే పైపు ఏపిస్తా! తిప్పమ్మా!"

తిమ్మక్క తిప్పింది. మర్నాడు అమ్మవారి దండలు వాడకముందే ఆదోని నుంచి పైపులొచ్చాయి. నెలల తరబడి చర్చలకు లొంగని సమస్య రెండు ఎక్కిళ్ల మధ్య తేలిపోయింది. జయరాం ఇంటికొచ్చి, ఇది తన చర్చల విజయమని మైకులో చెప్పుకున్నాడు. ఆ సాయంత్రం కొట్టాల పోయినట్టా, పోనట్టా అనేది పరిశీలించడానికి కొత్త కమిటీ కూడా వేశాడు. తారురోడ్డు మాత్రం ఇంకా గెజ్జెహాళ్ దగ్గరే ఆగి ఉంది.

కాబట్టి పాఠకులారా, తేల్చకపోవడమే మేలైన పరిపాలన. ఆ అభిప్రాయంలో మార్పేమీ లేదు! అమలులో ఒక చిన్న సవరణ మాత్రం కోరుతున్నాను. వాయిదా వేయదలచుకున్న పెద్దలను, అది గెజ్జెహాళ్ కానీ లండన్ కానీ, ముందు ఒక ఇంట్లో కూర్చోబెట్టాలి. కడుపునిండా ఓళిగలు పెట్టాలి. వాల్వు ఆడవాళ్ల చేతికివ్వాలి. ఆ తర్వాత ఎన్నేళ్లు మాట్లాడుకుంటారో మాట్లాడుకోనీండి.